మళ్ళీ సదయ్యే

జూన్ 10, సోమవారం

ఈ డైరీ యూనియన్ వాళ్లు జనవరిలో ఇచ్చింది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. మొదటి పేజీలో పేరు రాయడానికి గీత ఉంది. రాయలేదు. చదివేవాళ్లు ఎవరు? మా ఆయన చదవడు, కళ్లద్దాలు పెట్టుకోవాలంటే ఆయనకు బద్ధకం. ఆయన పేరు ఆగయ్య. పెళ్లయినప్పటి నుంచి నోటితో ఒక్కసారీ అనలేదు, ఇక్కడ రాసేశాను. ఏమీ కాలేదు. గోడలు నిలబడే ఉన్నాయి.

చేతిరాత బాగుపడాలని రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిపోయిన చేయి కదా. సంఘం ఆఫీసులో పేర్లు రాసుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ డైరీ. వేరే కారణం ఏమీ లేదు.

ఆఫీసు అంటే లక్ష్మీనగర్‌లో టైలర్ షాపు మీద ఒక గది. రక్తబంధు సంఘం అని బోర్డు. ఎవరికి నెత్తురు కావాలన్నా ఫోన్ నాకే వస్తుంది. ఏ గ్రూపో కంప్యూటర్‌కు చెబితే అది ఒక పేరు చూపిస్తుంది. ఆ మనిషికి నేను ఫోన్ చేసి రమ్మంటాను. ఈ పనిలో నన్ను పెట్టింది ఉపేందరే. ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా రాసింది కూడా వాడే. "అవ్వా, నువ్వు మాట్లాడితె ఎవ్వడు కాదనడు. పోలీసోళ్ల లెక్కుంటది నీ గొంతు" అన్నాడు. కన్నతల్లి గొంతును ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందో.

వాడు పోయి ఆరు నెలలు. బండి మీద వస్తూ. అంతకంటే రాయను.

మొన్న ఎండలకు ఆ పాత కంప్యూటర్ పొగ పెట్టింది. లోపలి సరుకు మాత్రం బతికిందట. కొత్తది పెట్టడానికి జ్యోతినగర్ నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. పేరు రుత్విక్. వాళ్ల నాన్న కరెంటు ప్లాంటులో ఇంజనీరు. వాడు ఇంట్లోనే కూర్చుని ఎక్కడి కంపెనీకో పని చేస్తాడట. తెల్లటి బూట్లు వేసుకుని గోదావరిఖనికి వచ్చాడు. మెట్లెక్కేసరికే బొగ్గు దుమ్ముకు బూట్ల రంగు మారింది. నవ్వు ఆపుకున్నాను. నన్ను ఆంటీ అన్నాడు. అప్పుడు మాత్రం నోరు ఆపుకోలేదు.

"ఆంటీ గీంటీ అనకు బిడ్డా, నేనేమన్న జ్యోతినగర్ క్వార్టర్లల్ల ఉంటన్ననా? పెద్దమ్మా అను."

జూన్ 11, మంగళవారం

సంఘం అధ్యక్షుడు సదాశివ సారు మంథని మనిషి, బడిపంతులుగా చేసి దిగిపోయాడు. ఏ విషయమైనా మొదటి నుంచి చివరి దాకా తెలుసుకోకుండా వదలడు. ఈ రోజు రుత్విక్‌ను కూర్చోబెట్టి పాఠం చెప్పించుకున్నాడు. నేను టీ పోస్తూ విన్నాను.

నాకు అర్థమైనంత రాస్తాను. దాతల పేర్లన్నీ ఉన్న చోటును డేటాబేస్ అంటారు. ఉపేందర్ దాని లోపలే కొన్ని పనులు రాసి పెట్టాడు. వాటిని ప్రొసీజర్లు అంటారు. పేరు పెట్టి పిలిచి గ్రూపు చెబితే, లోపలున్న ప్రొసీజర్ అన్నీ చూసుకుంటుంది. నెత్తురిచ్చి మూడు నెలలు దాటిందా, ఆ మనిషి ఈ వారం ఏ షిఫ్టు, నైట్ షిఫ్టు అయితే వద్దు. అందరికంటే ఎక్కువ రోజులుగా ఇవ్వనివాడు ఎవడో తీసి పేరు చూపిస్తుంది. చూపించిన పేరును ఒక వారం పక్కకు పెడుతుంది, ఒక్కడినే మళ్ళీ మళ్ళీ సతాయించకుండా.

ఇదంతా నాకు బొగ్గు బావిలో గంటలా అనిపించింది. మా ఆయన బొగ్గు తొట్లను పైకి లాగే హాలేజీ ఇంజను దగ్గర పని చేస్తాడు. లోపల నుంచి గంట కొడితే ఈయన తాడు లాగుతాడు. కొట్టింది ఎవరో కనపడదు. ఎన్నిసార్లు కొడితే ఏమి చేయాలో తెలిస్తే చాలు. ఉపేందర్ కూడా కనపడడు, గంట కొడితే పని అవుతుంది. ఈ మాట పైకి అనలేదు.

కొత్తది పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాస్తాడట. అంటే కొండచిలువ అని సారు చెప్పాడు. దానికీ డేటాబేస్‌కూ మధ్య దుబాసిలా ఇంకొకటి ఉంటుందట, ఓఆర్ఎం. కొండచిలువ మాట దుబాసికి, దుబాసి మాట డేటాబేస్‌కు. మా అత్త బతికున్నప్పుడు నాకూ మా ఆయనకూ మధ్య ఇలాగే నడిచేది.

రుత్విక్ చివర్లో ఒక మాట అన్నాడు. "ఇప్పటికైతే అన్న రాసిన ప్రొసీజర్లనే పైథాన్ నుంచి పిలుస్త సార్. ఏమన్న తేడా కొడితె అవన్ని తీసేసి నేనే కొత్తగ రాస్త. ఎట్లైనా నెలన్నరల ఫైనల్ చెయ్యాలె."

తీసేసి అన్నాడు. అంత తేలికగా అన్నాడు, చెప్పులో రాయి తీసేసినట్టు.

జూన్ 18, మంగళవారం

కొత్తది మొదలైంది. తెర మీద తెలుగు అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. గ్రూపు నొక్కితే పేరు వచ్చింది. మొదటి ఫోన్ శ్రీహిత కోసమే. ఏడేళ్ల పిల్ల, ఒంట్లో నెత్తురు నిలవని జబ్బు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. దాని నాయనమ్మ ఐలవ్వ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. బీ పాజిటివ్ నొక్కగానే వచ్చిన మనిషి మందమర్రి నుంచి గంటలో వచ్చి ఇచ్చి పోయాడు. ఇచ్చిన తేదీ రుత్విక్ లోపల ఎక్కించాడు.

శ్రీహిత నన్ను నెత్తురమ్మమ్మ అంటుంది. పిశాచానికి పెట్టినట్టు పెట్టింది పేరు.

ఉపేందర్ రాసింది కొండచిలువ పిలిచినా పలికింది. ఎవరు పిలిచినా పలికే గుణం వాడిది. నేను పిలిస్తేనే మూడోసారికి పలికేవాడు.

జూన్ 19, బుధవారం

పని లేదు. వాన.

జూన్ 21, శుక్రవారం

పెద్దాసుపత్రి నుంచి బీ పాజిటివ్ అడిగారు. నొక్కాను. సదయ్య పేరు వచ్చింది. ఫోన్ చేస్తే నోట్లో ఉడుకుడుకు ఆలుగడ్డ పెట్టుకున్నట్టు మాట్లాడాడు. నిన్ననే పన్ను పీకించుకున్నాడట, మందులు మింగుతున్నాడట, పది రోజుల దాకా ఇవ్వకూడదట. సరే అని ఇంకోసారి నొక్కాను. మళ్ళీ సదయ్యే వచ్చాడు. నేనే సరిగ్గా నొక్కలేదేమో అనుకుని, చూసుకోకుండా ఫోన్ చేసేశాను.

"అక్కా, ఇప్పుడే చెప్పిన గద. పన్ను పీకిండ్రు."

సారీ చెప్పి పెట్టేశాను. మూడోసారి నొక్కాను. సదయ్యే. ఈసారి ఫోన్ చేయలేదు. తెరను చూస్తూ కూర్చున్నాను, వాడూ నన్నే చూస్తున్నట్టు ఉంది.

గంట పోయాక నొక్కితే మారుతుందనుకున్నాను. మారలేదు. పోనీ సదయ్యకు పన్ను నొప్పి తగ్గిందేమో అని ఫోన్ చేశాను. అది నాకే పిచ్చి మాట అనిపించింది, కానీ అప్పటికే ఎత్తాడు.

"అక్కా, నా నోట్లె ఇంక పండ్లున్నయి, ఒక్కటే పోయింది. నువ్వు మొత్తం పీకిస్తవా ఏంది?"

మరిచిపోయాను తమ్మీ అన్నాను. మంచిగ తిని పండుకో అక్కా, ఫికర్ చెయ్యకు అన్నాడు. అలా మెత్తగా మాట్లాడాడంటే నా గురించి ఏదో అనుకున్నాడు.

ఆసుపత్రి వాళ్లకు వాళ్ల దగ్గరే ఒక సీసా దొరికింది. బతికిపోయాను.

జూన్ 22, శనివారం

ఓ పాజిటివ్ నొక్కితే పోశం. ఇంకోసారి నొక్కినా పోశమే. అంటే సదయ్య ఒక్కడే కాదు.

పేరు చూపించాక పక్కకు పెట్టాలి కదా. పెట్టడం లేదు. ఉపేందర్ రాసిన పనిలో అదొక ముక్క. ఆ ముక్క సరిగ్గా రాయలేదన్నమాట. చిన్నప్పటి నుంచీ ఇంతే. అన్నం తిని కంచం అక్కడే వదిలేసేవాడు. పక్కకు పెట్టడం వాడి ఒంట్లో లేదు.

రుత్విక్‌కు చెప్పాలి. చెబితే తీసేస్తాడు.

సోమవారం చెబుతాను.

జూన్ 25, మంగళవారం

సోమవారం చెప్పలేదు. ఈ రోజు రుత్వికే అడిగాడు, ఎలా నడుస్తోంది పెద్దమ్మా అని. బంగారంలా నడుస్తోంది అన్నాను. సదాశివ సారు పక్కనే ఉండి, "అయితే మన ఉపేందర్ పని గట్టిదే అన్నమాట" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అబద్ధం అనడానికి లేదు. నడుస్తోంది, ఒకే చోట నడుస్తోంది.

జూన్ 28, శుక్రవారం

ఉపాయం దొరికింది. మొదటి పేరు ఎలాగూ సరైనదే వస్తుంది. ఆ మనిషి రానంటే నేనే తలలోంచి ఇంకొకరిని తీస్తాను. ఇన్నేళ్లుగా ఈ ఫోన్ దగ్గర కూర్చున్నాను, ఎవరిది ఏ గ్రూపో నాకు తెలియదా? ఉపేందర్‌కు నేను చిన్న సాయం చేస్తున్నాను, అంతే. చిన్నప్పుడు లెక్కలు తప్పు చేస్తే పలక తుడిచి పంతులుకు కనపడకుండా నేనే రాసిచ్చేదాన్ని. నాకు వచ్చినవి కూడికలే కాబట్టి అవీ తప్పే వచ్చేవి.

సదయ్యకు మాత్రం నిన్న మళ్ళీ చేయాల్సి వచ్చింది, మందులు అయిపోయాయేమో అడుగుదామని. ఎత్తలేదు. మా ఆయన చెప్పాడు, వాడు బావిలో అందరితో అంటున్నాడట, పాపం సమ్మక్కకు కొడుకు పోయినంక మతిమరుపు పట్టుకుంది అని. మా ఆయన ఆ మాట చెప్పి నా ముఖం చూశాడు. అవును, కొంచెం మరుపు వస్తోంది అన్నాను.

నాకు మతి పోయిందని అనుకున్నా ఫరవాలేదు. వాడు రాసింది తప్పని మాత్రం ఎవరూ అనవద్దు.

జూలై 3, బుధవారం

ఉపేందర్ పుట్టిన రోజు. పరమాన్నం వండాను. ఎందుకని మా ఆయన అడగలేదు. రెండుసార్లు వేయించుకున్నాడు.

జూలై 8, సోమవారం

శ్రీహితకు రేపు ఎక్కించాలి. ఐలవ్వ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంది. పిల్ల రెండు రోజులుగా బడికి పోవడం లేదట, పెదవులు పాలిపోయాయట. తెచ్చిన తోటకూర నా ఒళ్లో పెట్టింది. వద్దంటే వినదు.

బీ పాజిటివ్ నొక్కాను. మళ్ళీ సదయ్యే. చేశాను. ఎత్తలేదు. నా నంబరు చూస్తేనే దడుచుకుంటున్నాడు. ఐలవ్వ ఫోన్‌తో చేద్దామనుకున్నాను, దాంట్లో పైసలు లేవు.

తల తడుముకుంటే రఘుపతి గుర్తొచ్చాడు. మా ఆయనతో ఒకే బావి. బీ పాజిటివ్ అని నాకు బాగా తెలుసు, ఉపేందర్ పోయిన రోజు ఆసుపత్రిలో చేయి చాపి కూర్చున్నది అతనే. అప్పుడు ఇచ్చింది కాబట్టి మూడు నెలలు ఎప్పుడో దాటింది. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాడు.

"నువ్వు అడిగితె కాదంటనా వదినా. పొద్దుగాల పోయి ఇచ్చి వస్త."

చూడు ఉపేందర్, నీ కంప్యూటర్ కంటే మీ అవ్వ తల నయం. ఎల్లుండి దాకా ఈ గొప్ప చెప్పుకుంటాను.

జూలై 9, మంగళవారం

రఘుపతిది ఈ వారం నైట్ షిఫ్టు.

నేను అడగలేదు. అతను చెప్పలేదు. పొద్దున బావిలోంచి పైకి వచ్చి, స్నానం చేసి, తినకుండా, ఒక్క కునుకు తీయకుండా నేరుగా బ్లడ్ బ్యాంకుకు పోయాడు. నిద్ర పోయావా అని అక్కడి పిల్ల అడిగిందట. పోయిన అన్నాడట. సగం సీసాలోనే కళ్లు తిరిగి పక్కకు ఒరిగాడు. మంచం ఇనుప చువ్వ నుదుటికి తగిలింది. మూడు కుట్లు.

నేను పోయేసరికి బెంచీ మీద కూర్చుని జ్యూసు తాగుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"ఏం కాలె వదినా. నైట్ డ్యూటీ అని చెప్తె నువ్వు ఇంకెవలిని దేవులాడుతవు అని చెప్పలె. నీకసలే..."

అక్కడ ఆపేశాడు. నాకసలే ఏమిటో అందరికీ తెలుసు.

తీసిన సగం సీసా పనికి రాలేదు. శ్రీహితకు ఈ రోజు ఎక్కించలేదు. మంచం మీద పడుకుని ఉంది, నన్ను చూసి నెత్తురమ్మమ్మ అనడానికి కూడా నోరు రాలేదు దానికి. ఐలవ్వ నాకు కూర్చోవడానికి మంచం చివర చోటు చూపించింది. తిట్టినా బాగుండేది. సాయంత్రానికి సదాశివ సారు మంచిర్యాలలో తెలిసినవాళ్లను పట్టుకుని రేపటికి ఒకరిని ఒప్పించాడు.

నైట్ షిఫ్టు వాళ్లు వద్దని ఉపేందర్ రాసి పెట్టాడు. మొదటి పేరు వరకు అది సరిగ్గానే చూస్తోంది. నేనే చూడలేదు.

జూలై 10, బుధవారం

శ్రీహితకు ఎక్కించారు. నేను ఆఫీసుకు పోలేదు.

జూలై 11, గురువారం

మా ఆయన ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, రోజూలాగా టీవీ పెట్టలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఈయన నా ఎదురుగా పీట వేసుకోవడం పెళ్లిలో చూశాను, మళ్ళీ ఈ రోజే.

అన్నీ చెప్పేశాను. సదయ్య సంగతి, పోశం సంగతి, బంగారంలా నడుస్తోందని చెప్పిన సంగతి. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. విని పీట ముందుకు జరుపుకున్నాడు.

"వాడు తప్పు రాసిండని నీకు ఎవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. పేరు పక్కకు పోవడం లేదు కదా అన్నాను.

"బతికున్నప్పుడు ఏది పోయినా ముందు వాని మీదికే పోతుంటివి. గ్లాసు పలిగితె ఉపేందర్. పాలు పొంగితె ఉపేందర్. ఇప్పుడన్న ఒకపారి ఎవల్నన్న అడిగి వాని మీద వెయ్యరాదే."

పాలు పొంగినప్పుడు నిజంగా వాడే. అయినా ఆ మాట ఇప్పుడు వాదించలేదు. రేపు చెబుతాను. తీసేస్తే తీసేయనీ. ఇంకో రఘుపతి వద్దు.

జూలై 12, శుక్రవారం

రుత్విక్‌కు చెప్పాను. నిలబడి చెప్పాను, తప్పు చేసిన పిల్లలాగా. వాడు కోప్పడతాడనుకున్నాను. వాడు కంప్యూటర్ ముందుకు పోయి బీ పాజిటివ్ నొక్కాడు. సదయ్య. నొక్కాడు. సదయ్య. ఇంకా నొక్కాడు. నాకు పాపం సదయ్య మీద జాలి వేసింది, ఫోన్ చేయకపోయినా వాడి ఒళ్లు ఎక్కడో జలదరించే ఉంటుంది.

తర్వాత నల్ల తెర తెరిచి, కొండచిలువను పక్కకు నెట్టి, తిన్నగా ఉపేందర్ రాసినదాన్నే పిలిచాడు. సదయ్య వచ్చాడు. మళ్ళీ పిలిచాడు. గట్టయ్య వచ్చాడు. మళ్ళీ పిలిచాడు. రామకృష్ణాపూర్ మనిషి ఎవరో వచ్చాడు.

రుత్విక్ నుదురు కొట్టుకున్నాడు. రెండు చేతులతో ముఖం మూసుకుని కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

"పెద్దమ్మా, అన్న రాసింది కరెక్టే. తప్పు నాది. ప్రొసీజర్ పేరు ఇస్తది, పక్కకు పెడ్తది, అంతా చేస్తది. చేసింది ఖాయం అని పైథాన్ నుంచి మనం చెప్పాలె, కమిట్ అని. నేను రాయలె. ఖాయం అనకుంట మూసేస్తె, డేటాబేస్ చేసిందంత మరిచిపోయి మళ్ళ మొదటికి వస్తది. నేను చూసుకున్నప్పుడు ఒక్కొక్క గ్రూపు ఒక్కసారే నొక్కిన. పేరు వచ్చింది, అయిపోయింది అనుకున్న."

పాతదాంట్లో ఎందుకు రాలేదు అని సదాశివ సారు అడిగాడు. పాతదాంట్లో ఆ ఖాయం దానంతట అదే పడేటట్టు ఉపేందర్ పెట్టుకున్నాడట. ఓఆర్ఎం అలా చేయదట, చెబితేనే చేస్తుందట.

ఇప్పుడు పక్కకు పోయిన పేర్లను మళ్ళీ లోపలికి తెచ్చి, ఒక్క వరస రాశాడు. ఒక్కటే వరస. నొక్కితే సదయ్య, నొక్కితే గట్టయ్య. రుత్విక్ ముఖం ఎర్రగా ఉంది. ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అని అడిగాడు. మరిచిపోయిన బిడ్డా అన్నాను. ఆ సాకు ఊరంతా నమ్మింది, వీడూ నమ్మనీ.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, ఆయన అర్థం చేసుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు.

"గంతే గద. షిఫ్టంత దిగి పని చేసి పైకొచ్చినా మస్టర్‌ల హాజరు పడకపోతె డ్యూటీ చెయ్యనట్టే. పని చేసినోనిది తప్పు కాదు, మస్టర్ ఎయ్యనోనిది."

సారు పొద్దంతా నేర్చుకున్న పాఠం ఈయన అన్నం కలుపుతూ చెప్పేశాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ కంచంలోకే చూస్తూ, "పనిమంతుడు" అన్నాడు. అది నన్ను కాదు, రుత్విక్‌నూ కాదు.

జూలై 13, శనివారం

నిన్న సంతోషంతో నిద్ర పట్టింది. పొద్దున లేచాక ఇంకొకటి తట్టింది.

వాడి తప్పును దాస్తున్నానని అనుకున్నాను ఇన్ని రోజులు. వాడి తప్పు లేనే లేదు. నేను దాచింది ఏమిటి మరి? వాడిని నమ్మలేదు, అంతే. రుత్విక్ ఎవరో బయటివాడు, వాడు కూడా తేడా కొడితేనే తీసేస్తా అన్నాడు. నేను ఏమీ చూడకుండానే కొడుకు మీద వేసి, వేసినందుకు మళ్ళీ కాపాడుతున్నానని అనుకున్నాను.

వాడుంటే బాగా నవ్వేవాడు. అవ్వా, నువ్వు నా దిక్కా, వాళ్ల దిక్కా అనేవాడు.

రఘుపతి ఇంటికి పోయి కోడికూర ఇచ్చి వచ్చాను. నుదుటి మీద పట్టీతో కొంచెం సినిమా మనిషిలా ఉన్నాడు. ఆ మాట అంటే వాళ్లావిడ పూలమ్మ, అట్లనకు వదినా, ఇంక నాలుగు కుట్లు వేయించుకుంటాడు, అంది. ఇంకెప్పుడూ నా దగ్గర నైట్ షిఫ్టు సంగతి దాచవద్దని గట్టిగా చెప్పాను. పోలీసోళ్ల గొంతుతోనే చెప్పాను.

సదయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాళ్లింటికే పోయి నాకు మతి ఉందని చెప్పి వచ్చాను. నమ్మినట్టు తల ఊపాడు. ఇంటికి వచ్చాక చూసుకుంటే చెప్పులు వాళ్లింట్లోనే మరిచాను.

జూలై 22, సోమవారం

మా ఆయన వాళ్ల బావి మూసేస్తున్నారు. అడుగున బొగ్గు అయిపోయింది. అందరినీ ఓపెన్‌కాస్టుకు పంపుతున్నారు. దిగే పని లేదు, ఆకాశం కింద పని, అయినా ఈయనకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఇంత కాలం చీకట్లో చేసినవాడు ఇప్పుడు ఎండకు నల్లబడతానని భయపడుతున్నాడు అని నవ్వితే, ఈయనా నవ్వాడు.

అక్కడ షిఫ్టులు మారే రోజు వేరట. ఉపేందర్ రాసిన ప్రొసీజర్‌లో ఈ బావి వాళ్లకు పాత రోజే ఉంది. అలాగే వదిలితే నైట్ షిఫ్టు వాళ్లకు ఫోన్లు పోతాయి. సదాశివ సారు, రుత్విక్ ఇద్దరూ నన్ను పిలిచి కూర్చోబెట్టారు. పెళ్లిచూపులకు వచ్చినట్టు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి రుత్విక్ అన్నాడు.

"పెద్దమ్మా, నీకు ఇష్టం లేకుంటే అన్నది ముట్టను. అది ఇచ్చిన పేరును పైథాన్‌ల మళ్ళ చూసుకొని, తప్పుంటె పైనుంచే సర్దుత. ఎవలికి తెల్వది."

నేను జూన్ నుంచి చేసింది అదే కదా. వాడికి తెలియకుండా పైనుంచి సర్దడం.

"వద్దు బిడ్డా. లోపలనే మార్చు. వాడుంటే వాడే మార్చేటోడు."

వాడు రాసింది అప్పుడే మొదటిసారి చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కొక్క అక్షరం చదవగలను, కలిపితే ఏమీ రాదు. నా పేరు ఎక్కడైనా పెట్టాడేమో అని పై నుంచి కిందికి చూశాను. లేదు. ఎందుకుంటుంది, నాది నెత్తురు ఇచ్చే లెక్కలోకి రాదు, రక్తం తక్కువని ఎప్పుడో తీసేశాడు. వరసలు మాత్రం ఎంతో పొందికగా ఉన్నాయి. బట్టలు ఒక్కరోజు మడత పెట్టని వాడు.

ఒక్క వరస తీసి కొత్తది రాయాలట. మీరే తుడవండి అని రుత్విక్ మీటల పలక నా వైపు జరిపాడు. వేలు పెట్టాను. ఎప్పుడు తీయాలో తెలియలేదు. ఒక్క వరస పోవాల్సింది, మీదికి మీదికి తినేసుకుంటూ పోయింది. సగం తెర తెల్లబడింది. చేయి వెనక్కి లాక్కున్నాను.

రుత్విక్ కంగారు పడలేదు. రెండు మీటలు కలిపి నొక్కాడు. పోయినవన్నీ వచ్చాయి. ఒక్కొక్క వరస, ఎక్కడిది అక్కడ, ఎలా ఉన్నది అలా వచ్చి కూర్చుంది.

ఇంకోసారి చూపించు అన్నాను.

రుత్విక్ మళ్ళీ అన్నీ తుడిచాడు, తెచ్చాడు. ఈసారి నేను తుడుస్తా, నువ్వు తే అన్నాను. తుడిచాను. తెచ్చాడు. సదాశివ సారు కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బయట టైలర్ షాపు రేకులు తప్ప చూడటానికి ఏమీ లేదు.

తర్వాత ఆ ఒక్క వరస తుడిచాను. దాని చోట రుత్విక్ కొత్తది రాశాడు. ఖాయం చేసే మీట చూపించి, ఇది నొక్కినంక ఇంక అట్ల వెనక్కి రాదు పెద్దమ్మా అన్నాడు.

వేలు మీట మీద పెట్టి, ఇంకోసారి అన్నీ తుడిచి తెమ్మని అడగబోయాను. ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. ఏ గ్రూపు కావాలో సారు గట్టిగా రెండుసార్లు చెప్పించుకుంటున్నాడు.

నొక్కేశాను.